ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారు: ఫుట్‌బాల్ క్లబ్బు రిజిస్టరు రాసే పద్ధతి

జర్మనీలో పై స్థాయి ఫుట్‌బాల్ లీగు బుండెస్‌లీగా. అందులో అందరికన్నా ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాడు కార్ల్-హైంజ్ కోర్బెల్. 1972 నుంచి 1991 దాకా 602 మ్యాచ్‌లు, అన్నీ ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫుర్ట్ తరఫునే. ఆయన ఆడిన 19 సీజన్లలో సీజనుకు 34 చొప్పున మొత్తం 646 మ్యాచ్‌లు జరిగాయి. అంటే ఇన్నేళ్ళలో ఆయన లేకుండా జట్టు దిగినవి 44 మాత్రమేనని కూడా ఇట్టే చెప్పొచ్చు. అదే అమలాపురంలోనో పాలకొల్లులోనో ఇరవై ఏళ్ళుగా ఒకే జట్టుకు వెనక కాస్తున్న మనిషి గురించి అడగండి, "ఓ మూడొందలుంటాయండి" అంటారు. రెండొందల నలభయ్యా, మూడొందల పదా ఎవరికీ తెలీదు. అంతకాలం కాళ్ళరిగేలా ఆడినవాడికి ఇది అన్యాయం. సరిచెయ్యడానికి పెద్ద ఖర్చేమీ లేదు: గట్టి అట్ట ఉన్న 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు ఒకటి, బాల్‌పెన్ను ఒకటి, మ్యాచ్ అవగానే పదిహేను నిమిషాల ఓపిక.

మొదటి పేజీలో మ్యాచ్‌లు రాయకండి, అది నిబంధనలకు. ఏది "ఆడినట్టు", ఏది కాదు అన్నది లెక్క మొదలెట్టే ముందే రాసి, తేదీ వేసి, కెప్టెన్ చేత సంతకం పెట్టించాలి. మామూలుగా పాటించేది ఇదీ: మైదానంలోకి ఒక్క నిమిషం దిగినా ఆడినట్టే. జెర్సీ వేసుకుని బయటే కూర్చుంటే ఆడినట్టు కాదు. ఎదుటి జట్టు రాక వాకోవర్ దొరికితే విజయం జట్టుకే గానీ, ఆటగాళ్ళ ఖాతాలో మ్యాచ్ పడదు. మొదట్నుంచీ దిగినవాణ్ణీ, మధ్యలో లోపలికి వెళ్ళినవాణ్ణీ వేర్వేరు గడుల్లో రాయాలి. బుండెస్‌లీగా 1963లో మొదలైనప్పుడు ఒకరి బదులు మధ్యలో దిగే సబ్‌స్టిట్యూట్లే లేరు, 1967లో వచ్చారు. ఇప్పుడు ఒక్కో జట్టు ఐదుగుర్ని దించొచ్చు. అప్పటి వంద మ్యాచ్‌లకూ ఇప్పటి వంద మ్యాచ్‌లకూ తేడా తెలియాలంటే ఈ రెండు గడులూ తప్పనిసరి.

మధ్యలో ఆగిపోయిన మ్యాచ్ దగ్గరే తగాదాలు ఎక్కువ. 1971 ఏప్రిల్ 3న బొరూసియా మ్యోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్, వెర్డర్ బ్రేమెన్ జట్లు 1-1తో ఉండగా, ఆట చివర్లో చెక్క గోల్‌పోస్టు విరిగిపోయింది. నిలబెట్టలేక ఆట ఆపేశారు, తర్వాత బ్రేమెన్ 2-0తో గెలిచినట్టు తీర్పిచ్చారు. దాళ్వా కోతలయ్యాక చేలల్లో వెదురు బొంగులు పాతి ఆడే మనకు ఇదేం వింత కాదు. వానో, గాలిదుమారమో, చీకటో కూడా ఆట ఆపేస్తుంది. మేం చెప్పే నిబంధన: నిర్వాహకులు ఆ ఫలితాన్ని ఉంచితే మ్యాచ్ లెక్కలోకి వస్తుంది, మళ్ళీ ఆడిస్తే రెండోసారి ఆడిందే లెక్క. 1994లో బయర్న్ మ్యూనిఖ్, న్యూరెంబర్గ్ మ్యాచ్‌లో బంతి లోపలికి వెళ్ళకుండానే గోల్ ఇచ్చారని ఫలితం రద్దుచేసి మళ్ళీ ఆడించారు. అలాంటివి మన దగ్గరా జరుగుతాయి కాబట్టి నిబంధన ముందే ఉండాలి. వచ్చాక రాస్తే ఎవరికో అనుకూలంగా రాశారనే అంటారు.

రెండో పేజీ నుంచి ఒక మ్యాచ్‌కి ఒక పేజీ. పైన తేదీ, సంవత్సరంతో సహా. "సంక్రాంతి కప్పు, రెండో మ్యాచ్" అని రాసి వదిలేస్తే మూడేళ్ళ తర్వాత ఏ సంక్రాంతో తేల్చుకోలేరు. తేదీ కింద ఎదుటి జట్టు, మైదానం, పోటీ పేరు, ఎంతసేపు ఆట, స్కోరు. ఆపైన అడ్డంగా ఆరు గడులు: జెర్సీ నంబరు, పేరు, మొదట్నుంచీ, లోపలికి వెళ్ళిన నిమిషం, బయటికి వచ్చిన నిమిషం, గోల్స్-కార్డులు. గీతలు ముందురోజే గీసి పెట్టుకోండి. టాస్ వేసేలోగా పదకొండు పేర్లూ పడిపోవాలి.

తప్పు ఎక్కువగా జరిగేది సబ్‌స్టిట్యూషన్ల దగ్గర. ఒకడు చెప్పులు వదిలి బూట్లు కట్టుకుంటుంటాడు, రాసేవాడు గోల్ వైపు చూస్తుంటాడు, నంబరు తప్పిపోతుంది. జెర్సీ చాలక బయటికి వచ్చినవాడి జెర్సీనే లోపలికి వెళ్ళేవాడు తొడుక్కోవడం కూడా మామూలే. అప్పుడు ఏడో నంబరు కింద ఇద్దరుంటారు. అందుకే నంబరును నమ్ముకోకుండా పేరు రాయాలి. అనుమానం ఉంటే అక్కడికక్కడే రెఫరీని అడగండి: "మాస్టారండీ, ఇందాక లోపలికి వెళ్ళింది ఎవరండీ?" "పద్నాలుగు బాబూ, అరవై మూడో నిమిషం. ఏడు బయటికొచ్చేశాడు." ఈ రెండు ముక్కలూ అప్పుడే పేజీలో పడాలి, రాత్రి ఇంటికెళ్ళి రాద్దామనుకుంటే పడవు. ఏడుగురేసి ఆడే సెవెన్స్ ఆటలో ఒకడే నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరిగినా ఒక మ్యాచే.

కార్డుల గడి చాలామంది వదిలేస్తారు. కోర్బెల్ కథ గుర్తుంచుకోండి: పసుపు కార్డు వల్ల నిషేధం పడి తన చివరి సీజన్ ఆఖరి మ్యాచ్‌కి దిగలేకపోయాడు, 602 దగ్గరే ఆగాడు. ఆటగాడు ఎందుకు ఆడలేదో తెలియాలంటే కార్డు, గాయం, ఊళ్ళో లేకపోవడం, ఏదో ఒకటి పక్కన రాసి ఉండాలి.

పోటీలను ఒకే కుప్పగా పోయకూడదు. బయర్న్ గోల్‌కీపర్ సెప్ మైయర్ బుండెస్‌లీగాలో ఆడినవి 473, క్లబ్బు తరఫున అన్ని పోటీలూ కలిపితే 709. రెండూ నిజమే, ప్రశ్న వేరు. ఆ 709ని 2024లో థామస్ ముల్లర్ దాటాడు, 2025లో క్లబ్బు వదిలేనాటికి 756 చేశాడు. విల్లీ లాండ్‌గ్రాఫ్ రెండో డివిజన్‌లో 508 మ్యాచ్‌లు ఆడాడు, బుండెస్‌లీగాలో ఒక్కటీ లేదు. పై డివిజన్ పట్టిక ఒక్కటే చూస్తే ఆ మనిషి అసలు కనబడడు. అలాగే మనం లీగు, టోర్నమెంటు, ఫ్రెండ్లీ, సెవెన్స్ అని నాలుగు లెక్కలు పెట్టాలి. మొత్తం చెప్పాల్సొస్తే ఏవేవి కలిపారో చెప్పాలి.

క్లబ్బు లెక్కా, మనిషి లెక్కా వేరు. క్లౌస్ ఫిష్టెల్ బుండెస్‌లీగాలో 552 ఆడాడు: షాల్కేకు 477, వెర్డర్ బ్రేమెన్‌కు 75. షాల్కే పుస్తకంలో 477 మాత్రమే ఉంటుంది. మన కుర్రాడు చదువుకు కాకినాడ వెళ్ళి అక్కడి జట్టుకు ఆడినవి మన పుస్తకంలోకి రావు, తిరిగొచ్చాక పాత అంకె నుంచే ముందుకు సాగుతుంది. మాన్‌ఫ్రెడ్ కాల్ట్స్ కూడా మధ్యలో ఫ్రాన్స్ వెళ్ళి హాంబుర్గ్‌కు తిరిగొచ్చాడు, ఆయన 581 మ్యాచ్‌లూ హాంబుర్గ్‌వే. సంక్రాంతి టోర్నీకి బయటి ఊరి నుంచి తెచ్చుకున్న ఆటగాడి పేరు పక్కన "అతిథి" అని రాయండి, మ్యాచ్ మాత్రం లెక్కించండి.

పేర్ల గొడవ ఇంకోటి. బయర్న్‌లోనే గెర్డ్ ముల్లర్, థామస్ ముల్లర్ ఉన్నారు. మన దగ్గర ఒకే జట్టులో ఇద్దరు సత్తిబాబులు, ముగ్గురు దుర్గాప్రసాద్‌లు ఉంటారు. ఇంటిపేరుతో రాసినా అన్నదమ్ముల పిల్లలు ఒకటైపోతారు. ఒక్కొక్కరికీ చేరిన రోజే ఒక అంకె ఇచ్చేసి, వెళ్ళిపోయినా ఆ అంకె వేరేవాళ్ళకి ఇవ్వకండి.

నెలకోసారి కూడిక సరిచూడాలి. మన జట్టు పదకొండుమంది ఆటలో 14 మ్యాచ్‌లు ఆడితే "మొదట్నుంచీ" గడి మొత్తం 14 పదకొండ్లు, 154 రావాలి. 153 వస్తే ఎక్కడో ఒక పేరు జారిపోయింది. పెళ్ళిళ్ళ సీజన్లో పదిమందితో దిగిన మ్యాచ్ ఉంటే పేజీ పైనే "10" అని పెద్దగా రాయండి, లేకపోతే లేని తప్పు కోసం వెతుకుతారు. లోపలికి వెళ్ళినవాళ్ళ సంఖ్యా, బయటికి వచ్చినవాళ్ళ సంఖ్యా సమానంగా ఉండాలి. గాయంతో వచ్చేసి బదులు ఎవరూ దిగకపోతే అది వేరే. మైయర్ లెక్కనే సరిచూసి చూడండి: 1966 నుంచి 1979 దాకా ఆయన వరసగా ఆడినవి 442. సీజనుకు 34 చొప్పున 13 సీజన్లకు సరిగ్గా 442 వస్తుంది. 473లోంచి తీసేస్తే మిగిలే 31 అంతకుముందు సీజనువి.

రిజిస్టరు లేని రోజుల లెక్క వేరే పుస్తకంలో ఉండాలి. హాంబుర్గ్ ఆటగాడు ఉవె జేలర్ పేరున బుండెస్‌లీగాలో 239 మ్యాచ్‌లే కనిపిస్తాయి, ఎందుకంటే ఆయన ఆట మొదలెట్టినప్పటికి ఆ లీగే లేదు. అంతకుముందు, అప్పటి పై స్థాయి లీగైన ఉత్తర ప్రాంతపు ఒబెర్‌లీగాలో ఆడినవి 237. మన పెద్దాళ్ళకూ ఇలాంటి తొలిభాగం ఉంటుంది. టోర్నమెంటు కరపత్రాలు, సర్టిఫికెట్లు, దినపత్రికల జిల్లా పేజీ ముక్కలు, వెనక తేదీ ఉన్న జట్టు ఫొటోలు పోగుచెయ్యండి. కాగితం ఉన్నది "ఆధారం ఉంది", ఇద్దరు చెప్పింది "నోటిమాట" అని రెండు గడులు. ఫొటోలో ఉన్నంత మాత్రాన మ్యాచ్ ఆడినట్టు కాదు, బయట కూర్చున్నవాడూ ఫొటోలో నిలబడతాడు.

పుస్తకం దాచడం మన వాతావరణంలో సగం పని. జెల్‌పెన్ను వానాకాలం తేమకే అలుక్కుపోతుంది. సిమెంటు గోడకి ఆనించి బీరువాలో పెడితే చెదలు పడతాయి. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, రెండు కలరా ఉండలతో, నేలకి నాలుగడుగుల ఎత్తున పెట్టండి. వరద వచ్చే లంకల్లో అయితే అటక మీదే. ప్రతి పేజీనీ మ్యాచ్ రోజు రాత్రే ఫోన్లో ఫొటో తీసి ఇంకొకరికి పంపండి, వారు కూడా తేదీ పేరుతోనే దాచాలి. డిసెంబరు ఆఖర్లో, సంక్రాంతి పోటీలు మొదలయ్యేలోపు, ఒక్కో ఆటగాడి మొత్తం వేరే పుస్తకంలోకి ఎక్కించండి. ఒకరు చదవాలి, ఇంకొకరు రాయాలి, తర్వాత రాసినవాళ్ళు చదవగా చదివినవాళ్ళు పాత పేజీలో వేలు పెట్టి చూసుకోవాలి. ఎవరికైనా వందో మ్యాచ్‌కి దండ వెయ్యాలనుకుంటే, దండ కొనేముందు ఆ మనిషి పేజీలన్నీ మొదట్నుంచీ ఒకసారి తిరగెయ్యండి.