గురుకులానికి వెళ్లే ఆడపిల్లకు జూన్ లోపు నేర్పి పంపాల్సినవి

ఐదో తరగతిలో గురుకులం సీటు వచ్చిందని తెలియగానే చాలామంది తల్లిదండ్రులు నేరుగా బట్టల షాపుకు వెళ్తారు. కాస్త ఆగండి. యూనిఫాం బడిలోనే ఇస్తారు. అది చేతికి వచ్చేసరికి కొన్ని వారాలు పట్టొచ్చు కాబట్టి ముదురు రంగు సాదా చుడీదార్లు మూడు జతలు, లోబట్టలు అరడజను, రెండు తువాళ్లు పెట్టండి, చాలు. తళుకులు, నెట్ గుడ్డ, లేసులు వద్దు. బండ మీద నాలుగు ఉతుకులకే చిరిగిపోతాయి.

నేను తెలంగాణలో ఒక బాలికల గురుకులంలో హౌస్ టీచర్‌ని, అంటే హాస్టల్లో పిల్లల బాగోగులు చూసే టీచర్‌ని. కొత్త పిల్లలు మొదటి నెలలో ఎక్కువగా ఏడ్చేది పొద్దున అసెంబ్లీకి ముందు. జడ కుదరదు, రిబ్బను కనపడదు, సాక్సు ఒకటే ఉంటుంది, బయట పీఈటీ మేడం విజిల్ వేస్తుంటుంది. ఇంట్లో అమ్మో నానమ్మో చేసిపెట్టిన పనులన్నీ ఆ అరగంటలో ఒక్కసారిగా మీద పడతాయి. అందుకే వేసవి సెలవుల్లో వాళ్ల చేతులకు పని నేర్పండి. పదేళ్ల పిల్ల ఇవన్నీ నేర్చుకోగలదు.

మొట్టమొదట బట్టల మీద గుర్తు. అడ్మిషన్ నంబరు ఇవ్వగానే ప్రతి బట్టకూ కుట్టాలి. మార్కర్ పెన్నుతో రాస్తే కొన్నాళ్లకే వెలిసిపోతుంది. ఎర్ర దారం రెండు పోగులు తీసుకుని కాడకుట్టు (స్టెమ్ స్టిచ్) వేయండి: చొక్కాకు మెడ పట్టీ లోపల, పాంటుకు నాడా పట్టీ లోపల, తువాలుకు మూలన, సాక్సుకు పై అంచున. నంబరు కింద తప్పకుండా ఒక గీత కుట్టండి. గీత లేకపోతే 66ను తిరగేస్తే 99 అవుతుంది, ఇద్దరు పిల్లలు ఒకే పాంటు పట్టుకుని నాదంటే నాదని గుంజుకుంటారు. సగం మీరు కుట్టి మిగతా సగం బిడ్డతో కుట్టించండి. ఊడిన గుండీ తనే కుట్టుకోవడం దాంతోపాటే వస్తుంది.

ఇక జడలు. రెండు జడలు, రిబ్బన్లతో పైకి మడిచి కట్టాలి. అన్నిటికంటే పెద్ద కష్టం ఇదే. నడినెత్తిన పాపిట తీయడం అద్దంలో చూస్తూ అలవాటు చేయండి. దువ్వెన పళ్లు ముక్కుకు సరిగ్గా ఎదురుగా పెట్టి వెనక్కి మెడదాకా లాగితే జుట్టు రెండు పాయలవుతుంది. ఒక పాయకు రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టి, రెండోది భుజం మీదుగా ముందుకు తెచ్చుకోవాలి. అల్లిక చెవి వెనక నుంచే మొదలవ్వాలి, కిందనుంచి మొదలుపెడితే మధ్యాహ్నానికి వదులైపోతుంది. సగం అల్లాక రిబ్బను మధ్యభాగాన్ని పాయల్లో కలిపి చివరిదాకా అల్లి, జడను చెవిదాకా మడిచి బిగించి ముడి వేయాలి. మెరిసే శాటిన్ రిబ్బను జారుతుంది, కాస్త గరుకుగా ఉన్నది కొనండి. ఒక్కో జడకు మీటరు సరిపోతుంది. రోజూ పొద్దున మీరు చేయి పెట్టకుండా బిడ్డనే వేసుకోనివ్వండి. వంకరగా వచ్చినా విప్పకండి.

"మేడం, కటింగ్ చేయించి పంపమంటారా?" అని అడుగుతారు. బిడ్డ ఒప్పుకుంటేనే చేయించండి. ఇల్లు విడిచి వచ్చే రోజుల్లో ఇష్టం లేకుండా జుట్టు కూడా పోతే ఆ దిగులు చాన్నాళ్లు ఉంటుంది. పేలకు భయపడి చేయించాల్సిన పని లేదు. పేలు అందరికీ పడతాయి, శుభ్రంగా ఉండే పిల్లలకూ పడతాయి. పెట్టెలో ఒక ఈర్పెన పెట్టండి. తల తడిగా ఉన్నప్పుడు చెవుల వెనక, మెడ మీద నుంచి నాలుగు రోజులకోసారి దువ్వుకోవాలి. మందు రాస్తే వారం, పది రోజుల్లో మళ్లీ రాయాలి, ఎందుకంటే మిగిలిన ఈర్లు ఆలోపు పిల్లలవుతాయి. కిరోసిన్ మాత్రం పొరపాటున కూడా రాయకండి. దువ్వెన, తువాలు ఎవరితోనూ పంచుకోవద్దని గట్టిగా చెప్పండి.

బంగారం, పట్టీలు, గోరింటాకు, గోళ్ల రంగు మా దగ్గర కుదరవు. కూలికెళ్లే ఇంటి పిల్ల, ఉద్యోగస్థుల ఇంటి పిల్ల పక్కపక్క మంచాల్లో పడుకునే చోట ఈ నియమం ఉండి తీరాలని నా గట్టి నమ్మకం. కమ్మలు తీస్తే చెవి రంధ్రం పూడుతుందని భయమైతే శుభ్రమైన సన్న వేపపుల్ల పెట్టి పంపండి, మేమేమీ అనం.

ఉతకడం గురించి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట సబ్బు నురగ రాదు, తెల్లబట్ట పసుపుబారుతుంది. అలాంటి నీళ్లకు బిళ్ల కన్నా సర్ఫ్ పొడి మేలు. మెడ పట్టీ, చేతుల అంచులు ముందు రుద్ది, తర్వాత మిగతాది ఉతికి, రెండుసార్లు జాడించాలి. తుప్పు పట్టిన తీగ మీద ఆరేయొద్దు. మరక పడితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి జాడిస్తే చాలావరకు పోతుంది. ఆరిన బట్ట గీతలు సరిచేసి మడిచి పరుపు కింద పెట్టుకుంటే తెల్లారేసరికి ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది. సబ్బులు, నూనెల కోసం పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు ఉంటాయి. 2024లో పెంచాక తెలంగాణలో ఏడో తరగతి దాకా ఆడపిల్లలకు నెలకు 175 రూపాయలు, ఎనిమిది నుంచి పది దాకా 275. కాబట్టి నెలల సరుకు కొని పెట్టె నింపకండి.

నెలసరి గురించి ముందే చెప్పి పంపండి. ఐదు, ఆరు తరగతుల్లోనే మొదలయ్యేవాళ్లున్నారు. ప్యాడు ఎలా పెట్టుకోవాలో, వాడింది ఎక్కడ వేయాలో మీ నోటితో వినాలి. తెల్ల యూనిఫాం రోజున లోపల ముదురు రంగు టైట్స్ వేసుకుంటే ధైర్యంగా ఉంటుంది. మరక చన్నీళ్లతోనే ఉతకాలి, వేడినీళ్లు పోస్తే పట్టేస్తుంది. ఆ రోజు రంగు డ్రెస్ వేసుకుంటానని హౌస్ టీచర్‌ని అడగడానికి సిగ్గుపడొద్దని చెప్పండి. నేనెప్పుడూ కాదనలేదు.

బూట్లు తడిస్తే లోపల పాత పేపరు కుక్కి పెట్టాలి. సాక్సులు ఏ రోజువి ఆ రోజే ఉతకాలి.

మొదటిసారి చూడటానికి వచ్చినప్పుడు తినుబండారాల సంచి విప్పేముందు బిడ్డ చెవుల వెనక, గోళ్లు, కాలివేళ్ల సందులు చూడండి. గజ్జి దద్దుర్లు కనిపిస్తే, బూటు కరిచి పుండు పడితే, యూనిఫాం బిగుతైతే గేటు దగ్గర బాధపడి వెళ్లిపోకుండా అదే రోజు హౌస్ టీచర్‌కి చెప్పండి.