థార్ ఎడారిలో ఏడు రోజుల కారు ప్రయాణం ఎలా చేయాలి?

జైసల్మేర్ వెళ్లొచ్చామని చెప్పేవాళ్లను ఏం చూశారని అడిగితే చాలామంది కథ ఒకేలా ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకు సామ్ ఇసుక తిన్నెల దగ్గర కారు దిగారు, ఒంటె ఎక్కి ఫొటో తీయించుకున్నారు, రాత్రంతా క్యాంపులో డీజే, తెల్లారగానే తిరుగు ప్రయాణం. అంత దూరం వెళ్లి ఎడారిని చూడకుండా వచ్చేశారే అని బాధేస్తుంది. బంధువులనూ స్నేహితులనూ వెంటబెట్టుకుని ఈ దారిలో చాలాసార్లు తిరిగాను. యాత్ర పాడయ్యేది ఎడారిలో కాదు, ఇంట్లో కూర్చుని ఫోన్లో కారు మాట్లాడుకునేటప్పుడే.

కాలం, సామాను

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకే వెళ్లండి. ఈ దారిలోనే ఉన్న ఫలోదీలో 2016 మే నెలలో 51 డిగ్రీల ఎండ నమోదైంది. ఎండాకాలం రేట్లు తక్కువని ఆశపడొద్దు. చలికాలం రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకు పడిపోతాయి కాబట్టి స్వెటర్, చెవులకు మఫ్లర్, పెదాలకు కొబ్బరినూనె, డిక్కీలో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్, కొంచెం నగదు ఉంటే చాలు.

దారి

జోధ్‌పూర్‌లో మొదలుపెట్టి జోధ్‌పూర్‌లోనే ముగించాలి. వేరే ఊళ్లో దిగిపోతే ఖాళీ కారు వెనక్కి వెళ్లే కిలోమీటర్లు కూడా మీ లెక్కలోనే పడతాయి. మొదటి రోజు మెహ్రాన్‌గఢ్ కోట. రెండో రోజు సుమారు 250 కిలోమీటర్లు ప్రయాణించి బికనేర్. ఊరికి 30 కిలోమీటర్ల ముందు దేశ్‌నోక్‌లో ఎలుకలు తిరిగే కర్ణీ మాత గుడి తగులుతుంది. మూడో రోజు బికనేర్. నాలుగో రోజు 330 కిలోమీటర్ల దూరంలోని జైసల్మేర్‌కు. అయిదో రోజు ఉదయం కోట, రాత్రి ఇసుకలో. ఆరో రోజు పాకిస్తాన్ సరిహద్దు వైపు లోంగేవాలా, తనోట్. ఏడో రోజు పోఖ్రాన్ మీదుగా వెనక్కి.

నాలుగో రోజు దారిలో ఫలోదీ పక్కన ఖీచన్ ఊరు వస్తుంది. చలికాలం మంగోలియా వైపు నుంచి వేల కొంగలు ఇక్కడికి దిగుతాయి. స్థానికులు వాటిని కుర్జా అంటారు. పొద్దున ఊళ్లోవాళ్లు వేసే గింజలు తిని, ఆ తర్వాత చెరువుల దగ్గర చేరతాయి. ప్యాకేజీ బస్సులు సాధారణంగా ఇక్కడ ఆగవు. నేను కారే కావాలని పట్టుబట్టేది ఇందుకే. అలాగని సొంతంగా నడుపుకుంటూ వెళ్లమని మాత్రం చెప్పను. తారు రోడ్డు అంచున గట్టి నేలలా కనిపించే చోట చక్రం దించితే ఇసుకలో కూరుకుపోతుంది. ఎక్కడ దించొచ్చో అక్కడి డ్రైవర్‌కే తెలుసు.

డ్రైవర్‌తో మాట: తొందరపడకూడని చోటు

మీతో బేరమాడేది ఒకరు, కారు నడిపేది ఇంకొకరు. అడ్వాన్స్ పంపకముందే నడిపే మనిషి నంబరు తీసుకుని ఆయనతోనే మాట్లాడండి. ఖీచన్‌లో కుర్జాలు ఈ ఏడు దిగాయా అని అడగండి. దారి తెలిసిన మనిషి వెంటనే రెండు మాటలు ఎక్కువే చెబుతాడు. "చూద్దాం సార్, గూగుల్ ఉంది కదా" అంటే ఇంకో డ్రైవర్‌ని అడగండి. 'ఖమ్మా ఘణీ' అని పలకరిస్తే అవతలి గొంతులో తేడా తెలుస్తుంది. మన హైదరాబాదీ హిందీ వాళ్లకు బాగానే అర్థమవుతుంది.

తర్వాత డబ్బు. తక్కువ తిరిగినా రోజుకు కనీసం 250 కిలోమీటర్లకు డబ్బు తీసుకోవడం సాధారణం. ఆపైన కిలోమీటరుకు ఎంత, డ్రైవర్ బత్తా ఎంత, టోల్, పార్కింగ్, ట్యాక్స్ ఎవరివి, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. బయల్దేరేటప్పుడు మీటరు ఫొటో తీసి అదే చాట్‌లో పెట్టండి. నోటిమాట మీద వెళ్తే చివరి రోజు గొడవే.

డ్రైవర్ వేరు, గైడ్ వేరు. కోటల్లో ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉన్న గైడ్‌నే తీసుకోండి. 1156లో రావల్ జైసల్ కట్టించిన జైసల్మేర్ కోటలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. ఏ సందులో ఏముందో చెప్పే మనిషి లేకపోతే అది మీకు దుకాణాల వరుసలాగే కనిపిస్తుంది. దుకాణాల విషయం కూడా ముందే తేల్చుకోవాలి. ఒకసారి "పది నిమిషాలే" అంటూ డ్రైవర్ దుప్పట్ల షాపు ముందు ఆపాడు. రెండు గంటలు పోయాయి, తిన్నెల మీద సూర్యాస్తమయమూ పోయింది. కొనుగోళ్లు చివరి రోజు జోధ్‌పూర్‌లోనే అని మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి.

ఇక అందరూ మరిచిపోయేది, నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది, డ్రైవర్ పడక. చాలా క్యాంపుల్లో డ్రైవర్‌కు గది ఉండదు. ఒక జనవరి తెల్లవారుజామున నీళ్ల బాటిల్ కోసం కారు దగ్గరికి వెళ్లాను. అద్దాలకు లోపలి వైపు ఆవిరి పట్టింది. డ్రైవర్ భయ్యా సీటు వెనక్కి వాల్చి, చెప్పులు కూడా విప్పకుండా, తలకు తువ్వాలు చుట్టుకుని ముడుచుకుని ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేదన్నాడు. అదే మనిషి ఆ రోజు మా పిల్లలను కూర్చోబెట్టుకుని మూడు వందల కిలోమీటర్లు నడపాలి. ఆ పూట ప్రయాణం ఆపేశాం. అప్పటి నుంచి డ్రైవర్‌కు మంచం, రజాయి, వేడి భోజనం ఇస్తామని క్యాంపువాళ్లు రాసిచ్చాకే బుక్ చేస్తున్నాను. ఇవ్వకపోతే ఆ క్యాంపు వద్దు.

సాయంత్రం ఆరు తర్వాత కారు రోడ్డు మీద ఉండకూడదని కూడా ఆయనతో ముందే అనుకోండి. చీకటి పడ్డాక నడిరోడ్డు మీద ఆవులు పడుకుంటాయి, నీల్‌గాయ్‌లు అడ్డం వస్తాయి, ఎదురు లారీ లైట్లలో ఒంటె కాళ్లు మాత్రమే కనిపిస్తాయి.

ఇసుకలో రాత్రి

సామ్ కాదు, ఖూరీ. జైసల్మేర్ నుంచి రెండూ సుమారు 40, 45 కిలోమీటర్లే. ఖూరీలో మట్టి, పేడతో అలికిన గుడిసెల్లో ఉండొచ్చు. నెయ్యి, బెల్లంతో సజ్జ రొట్టె, కేర్ సాంగ్రీ కూర పెడతారు. నాలుగింటికల్లా చేరుకోండి. మర్నాడు సూర్యుడు రాకముందే చెప్పులు వదిలి తిన్నె ఎక్కండి. ఇసుక మంచులా చల్లగా తగులుతుంది. రాత్రి తిరిగిన పురుగుల జాడలు కుట్టుపని చేసినట్టు సన్నగా కనిపిస్తాయి. ఎండెక్కి గాలి మొదలైతే అవి చెరిగిపోతాయి.

ఆ చుట్టుపక్కలే డెజర్ట్ నేషనల్ పార్క్ ఉంది. మన రోళ్లపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పక్షికి ఇప్పుడు మిగిలిన ప్రధాన ఆశ్రయం ఈ జైసల్మేర్ నేలే. ఒక పూట వీలైతే స్థానిక గైడ్‌తో వెళ్లండి. కనిపిస్తే దూరం నుంచే చూడండి, కారు దగ్గరికి పోనివ్వొద్దు.

సరిహద్దు రోజు

ఉదయం ఏడింటికే బయల్దేరండి. తనోట్ జైసల్మేర్ నుంచి సుమారు 120 కిలోమీటర్లు. 1965 యుద్ధంలో అక్కడి తనోట్ మాత గుడి దగ్గర పడినా పేలని బాంబులను అక్కడే ఉంచారు. గుడి బాగోగులు బీఎస్ఎఫ్ జవాన్లే చూస్తారు. 1971 డిసెంబరు పోరు జరిగిన లోంగేవాలా కూడా అదే రోజు అయిపోతుంది. ఆధార్ వెంట ఉంచుకోండి. అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్న బంధువులు వెంట ఉంటే ఈ సరిహద్దు ప్రాంతానికి అనుమతి కావాలి, ముందే జిల్లా అధికారులను కనుక్కోండి. దారిలోని రామ్‌గఢ్ ఊరు దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు. డీజిల్ జైసల్మేర్‌లోనే నింపించండి.

చివరి రోజు జోధ్‌పూర్‌లో దిగగానే మీటరు రెండో ఫొటో తీసి, లెక్క అక్కడే చూసుకుని డబ్బిచ్చేయండి. డ్రైవర్‌కు ఇవ్వాలనుకున్నది ఆఫీసు ద్వారా పంపకుండా ఆయన చేతికే ఇవ్వండి. నంబరు దాచుకోండి. మళ్లీ వెళ్లేటప్పుడు మొదటి ఫోన్ ఆయనకే.