బల్ల చుట్టూ కథ నడపడం – 4వ పాఠం: పాచికకు ముందు ఉపాయం

ఆటగాళ్లు తలా ఒక పాత్రను నడుపుతూ కలిసి కథ అల్లే ఆటలో, ఓడిపోయినా ఏ నష్టమూ లేని చోట పాచిక వేయించకూడదని గత పాఠంలో చెప్పుకున్నాము. ఈ పాఠంలో అంతకంటె చిక్కైన సందర్భాన్ని తీసుకుందాము. ఆటగాడు చక్కటి ఉపాయం చెబుతాడు, కానీ అతని పాత్రకు ఆ పనిలో నైపుణ్యం ఉండదు. లేదా పాత్రకు నైపుణ్యం మెండుగా ఉంటుంది, ఆటగాడికి మాత్రం ఏం చెప్పాలో తోచదు. అటువంటప్పుడు ఆటను నడిపే గేమ్ మాస్టర్ దేనికి విలువ ఇవ్వాలి?

1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇటువంటి ఆట తొలి కూర్పులో నైపుణ్యాల పట్టిక లేదు. ముందున్న నేల కింద గొయ్యి ఉందేమోనని అనుమానం వస్తే, పొడవాటి కర్రతో తడుముతూ నడుస్తానని ఆటగాడే నోటితో చెప్పుకునేవాడు. 1975లో వచ్చిన గ్రేహాక్ అనుబంధం దొంగ పాత్రను ప్రవేశపెట్టి, తాళం తీయడానికీ ఉచ్చును నిర్వీర్యం చేయడానికీ శాతాల లెక్క ఇచ్చింది. దొంగకు అంకె వచ్చిందంటే, అంకె లేనివారు ఆ పనికి పూనుకోవచ్చా అనే సందేహమూ దానితోనే వచ్చింది. 2014 నాటి ఐదవ కూర్పులో 18 నైపుణ్యాలు పాత్ర పత్రం మీద వరుసగా కనిపిస్తాయి కాబట్టి, ఆటగాడి చూపు ఎదుట ఉన్న గదిని వదిలి చేతిలోని కాగితం మీదికి జారడంలో వింత లేదు.

రహస్యపు అర ఉన్న ఒక బల్లను ఉదాహరణగా తీసుకోండి. ఒకరు “బల్లను వెతుకుతాను” అని మాత్రమే అన్నారు. పాచిక మీద పడినదీ నైపుణ్యపు అంకే కలిపి చేరవలసిన లక్ష్య సంఖ్య 15, పాత్ర నైపుణ్యం 5 అయితే ఇరవై ముఖాల పాచిక మీద 10 గాని అంతకు మించి గాని పడాలి. అంటే గెలిచే అవకాశం 55 శాతం. మరొకరు “సొరుగులన్నీ బయటికి లాగి, వాటి పొడవును బల్ల లోతుతో పోల్చి చూస్తాను” అన్నారు. పొట్టి సొరుగు వెనుకనే అర ఉన్నప్పుడు ఇక పాచిక దేనికి? అయినా వేయించారంటే, కళ్లెదుట ఉన్నదాన్ని నూటికి 45 సార్లు లేదని బుకాయించినట్లే. అయితే ఆ అర తాళంలో విషపు సూది ఉంటే దాన్ని తప్పించడం చేతి పని. ఎంత చక్కగా వర్ణించినా ఆ నేర్పు పాత్రకు ఉండవలసిందే. ఉపాయం ఎక్కడ చూడాలో చెబుతుంది, చేయి వణకకుండా ఆపలేదు.

మాటలతో ఒప్పించే సన్నివేశాల్లో ఈ గీత తరచుగా చెరిగిపోతుంది. మాటకారి అయిన ఆటగాడు తన పాత్ర మొద్దు అని మరచి ఉపన్యాసం ఇస్తాడు, మనమూ మురిసిపోయి ద్వారం తెరిపిస్తాము. బిడియస్తుడైన ఆటగాడు, ఒప్పించే నేర్పుకు ఎన్ని అంకెలు పోగు చేసుకున్నా, గడప దగ్గరే ఆగిపోతాడు. నా దృష్టిలో ఇది అన్యాయం. ఎలా పలికాడన్నది వదిలి, ఏం ప్రతిపాదించాడన్నది మాత్రమే తూచండి. కాపలావాడు నిన్ననే పై అధికారి చేత తిట్లు తిన్నాడని గుర్తుంచుకుని, “ఏమైనా జరిగితే నింద నా మీద వేసుకుంటానని చెబుతాను” అని ఎవరు పొడిపొడిగా అన్నా, లక్ష్య సంఖ్యను 15 నుంచి 10కి దించండి. అప్పుడు నైపుణ్యం 7 ఉన్న పాత్రకు అవకాశం 65 నుంచి 90 శాతానికి, మైనస్ 1 ఉన్న పాత్రకు 25 నుంచి 50 శాతానికి పెరుగుతుంది. ఉపాయం ఇద్దరికీ పనికి వచ్చింది, పాత్ర మీద పెట్టిన అంకెలూ వృథా పోలేదు.

లక్ష్య సంఖ్యను కదపడం ఇష్టం లేకపోతే అనుకూలత ఇవ్వవచ్చు, అంటే రెండు పాచికలు వేయించి పెద్దదాన్ని తీసుకోనివ్వవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. శత్రువు కళ్లలో ఇసుక చల్లిన ఆటగాడికి ఒకసారి నేను ఉదారంగా అనుకూలత ఇచ్చాను. ఆ తరువాత ప్రతి పోరాటానికీ ఆయన సంచి నిండా ఇసుకతోనే వచ్చేవాడు. తొలిసారి చమత్కారమైనది నాలుగోసారి అలవాటవుతుంది కనుక, రెండోసారి నుంచి దానికి పోరాటంలో తన వంతు ఒకటి వదులుకోవాలనో, శత్రువుకు తప్పించుకునే అవకాశం ఉంటుందనో ముందే చెప్పండి.

కథ ముందుకు సాగడానికి తప్పనిసరి అయిన ఆధారాన్ని మాత్రం పాచిక వెనుక దాచవద్దు. 2007లో మొదలైన గమ్‌షూ అనే పరిశోధన కథల ఆట పద్ధతి ఈ మాటనే నియమంగా మార్చింది: తగిన పరిశోధనా నైపుణ్యం ఉన్న పాత్ర తగిన చోట వెతికితే కీలకమైన ఆధారం దొరికి తీరుతుంది.

అభ్యాసం: మీరు తరువాత నడపబోయే ఆటలోని మూడు అడ్డంకులను కాగితం మీద రాయండి. ఒక్కొక్కదాని కింద, పాచిక లేకుండానే నెగ్గే ఉపాయం ఒకటి, పనిని సులువు చేసే ఉపాయం ఒకటి, ఎంత తెలివైనదైనా చెల్లని ఉపాయం ఒకటి, కారణంతో సహా చేర్చండి. మొదటి రకం ఉపాయం తోచక ఆ చోటు ఖాళీగా మిగిలితే, ఆ అడ్డంకి గురించి ఆటగాళ్లకు మీరు వర్ణించబోయే వాక్యాలను మళ్లీ చదివి, వారు పట్టుకోదగిన వివరాన్ని కనీసం ఒక్కటైనా అందులో చేర్చండి. పాచిక వేసి ఓడినప్పుడు కథను ఎటు తిప్పాలో ఐదవ పాఠంలో ఇవే మూడు అడ్డంకులతో చూద్దాము, కాగితాన్ని దాచి ఉంచండి.