హార్మోను బిళ్ళకు ముందు గుండె ఫైలు చూపించండి

కర్నూలులో ఎండలు ముదరకముందే, ముట్లుడిగిన ఆడవాళ్ళు ఒంట్లో ఆవిర్లు తట్టుకోలేక హార్మోను బిళ్ళల కోసం మందుల దుకాణాలకు వెళ్తున్నారు. పోయిన నెల మా వీధిలో ఒకామె పిక్క వాచి, ఆయాసంతో ఆసుపత్రిలో చేరింది. కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. గుండె రక్తనాళంలో స్టెంటు వేయించుకున్న మనిషి, చెల్లెలికి రాసిన ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోను) బిళ్ళలు మింగుతోంది. సంచిలో ఉన్నది సగం చించిన షీటు. మందు పేరున్న ముక్క ఇంట్లో ఉండిపోవడంతో అదేమిటో తేల్చడానికే డాక్టరు తంటాలు పడ్డారు.

నీళ్ళు తాగండి, ఎండలో తిరగకండి అని నేను చెప్పనక్కరలేదు. చెప్పేది ఒక్కటే: గుండె డాక్టరుకు తెలియకుండా హార్మోను మొదలుపెట్టకండి. స్త్రీల డాక్టరు దగ్గరికి గుండె ఫైలు తీసుకెళ్ళకుండా, "బీపీ బిళ్ళ ఒకటి వేసుకుంటానమ్మా" అని సరిపెట్టేవాళ్ళను ఎందరినో చూశాను. కొంప మునిగేది అక్కడే.

నోటితో మింగిన ఈస్ట్రోజెన్ ముందు కాలేయానికి చేరుతుంది. దాంతో రక్తం గడ్డకట్టే గుణం, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు పెరుగుతాయి. గుండెజబ్బున్న 2,763 మంది స్త్రీలపై జరిపిన హెర్స్ పరిశోధన 1998లో వెలువడింది. హార్మోన్లు వాళ్ళ గుండెను కాపాడలేదు. మొదటి ఏడాది గుండెపోట్లు, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే మందు వేసుకున్నవాళ్ళలోనే ఎక్కువ. 2025 నవంబరులో అమెరికా ఈ మందులపై ఉన్న పెద్ద హెచ్చరికను తొలగిస్తామని ప్రకటించిందని చదివి ధైర్యపడకండి. అరవై ఏళ్ళలోపు, ముట్లుడిగి పదేళ్ళు దాటని, గుండె బాగున్నవాళ్ళకు ఆవిర్లు తగ్గించడానికి ఇది మంచి మందే. గుండెపోటు, పక్షవాతం, సిరల్లో గడ్డ, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళ సంగతి వేరు.

చర్మానికి అంటించే ప్యాచ్‌తో గడ్డకట్టే ముప్పు తక్కువ, అయినా దాన్నీ సొంతంగా వాడకండి. పొరుగింటి చీటీ వద్దు. మీ పాత చీటీ కూడా వద్దు. ముందు షుగరు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు చూపించుకోండి. నడుము 80 సెంటీమీటర్లు దాటితే అదీ చెప్పండి. రోజూ ఉగ్గానితో బజ్జీలు మానండి. ఆవిర్లకు హార్మోను లేని మందులూ ఉన్నాయి, అడగండి. కొలెస్టరాల్ బిళ్ళ మీ అంతట మీరు ఆపకండి. షీటు చించేటప్పుడు పేరు పోనివ్వకండి. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనబడితే ఆలస్యం చేయకండి. ఒక పిక్కే వాస్తే నూనె రాసి మర్దన చేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. గుండె ఫైలు చూపించండి, ఎవరు మందు రాసినా సరే. చెమటలతోపాటు ఛాతీలో బరువు, దవడ నొప్పి, ఆయాసం ఉంటే అవి ఆవిర్లు అనుకుని పడుకోకండి. 108కి ఫోను చేయండి.