ల్యాబ్ రిపోర్టు వచ్చింది, మరి ఆ నేల ఏ రకమో తేల్చడం ఎలా?

ల్యాబ్ నుంచి కాగితం వస్తుంది. పీహెచ్ 6.4, బంక 16 శాతం, సేంద్రియ కర్బనం 0.5 శాతం. చాలామంది ఇక్కడే ఆగి "ఇది ఫలానా నేల" అనేస్తారు. కానీ ఆ అంకెలు చెప్పేది సంచిలో వెళ్లిన కిలో మట్టి గురించి. మట్టి వేరు, నేల వేరు. గుట్ట నడుమున ఉన్న నేల, దాని కింద పల్లంలో ఉన్న నేల, రెండింటి పై పొరలూ ఇవే అంకెలు ఇవ్వొచ్చు. వాన వెలిశాక మొదటిది ఒక్క పూటలో ఆరుతుంది, రెండోది వారాల తరబడి కాలు పెట్టనివ్వదు.

నేల రకం తేల్చడానికి మూడు సాక్ష్యాలు కావాలి: ఆ చోటు తీరు, ల్యాబ్ ఫలితాలు, వాతావరణం. మూడూ ఒకే మాట చెబితే పని సులువు. చెప్పకపోతే కంగారు పడొద్దు. ఏదో ఒకటి తప్పైనా అయుండాలి, లేదా ఆ నేలకు మనకు తెలియని గతమైనా ఉండాలి. అంకెలు ఎలా కలుస్తాయో చూపడానికి కింద ఒక ఊహా నేలను ఉదాహరణగా వాడుతున్నాను.

1. ముందు చోటు చూడండి

గునపం పట్టే ముందు మ్యాపు చూడాలి. వాలు ఎంత శాతం, చోటు వాలు పైభాగంలో ఉందా, నడుమునా, అడుగునా, కింద ఉన్నది ఏ రాయి, నీళ్లు ఎటు పోతాయి అన్నవి రాసుకోండి. 1930లలో తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన జెఫ్రీ మిల్న్, ఒకే వాలు మీద పైనుంచి కిందికి నేలలు ఒక క్రమంలో మారుతూ పోవడం గమనించి, ఆ వరుసకు 'కెటెనా' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు గొలుసు అని అర్థం. పేరు బాగా కుదిరింది. పై నేల నుంచి కడుక్కుపోయిన బంక, లవణాలు, సున్నం కింది నేలకు చేరతాయి కాబట్టి ఒక కొక్కెం పట్టుకుంటే పక్కదీ కదులుతుంది.

ఎత్తుపల్లాల డేటా ఇప్పుడు ఉచితంగానే దొరుకుతుంది. 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో సేకరించిన డేటా దాదాపు 30 మీటర్ల గడులుగా ఉంటుంది. వాలు లెక్కకు అది చాలు. కానీ పది మీటర్ల వెడల్పున్న చిన్న పల్లం ఆ గడిలో కలిసిపోయి కనిపించదు, నీళ్లు నిలిచేది మాత్రం సరిగ్గా అక్కడే. అందుకే మ్యాపు చూశాక ఆ చోట ఒకసారి నడవాలి.

2. గుంత తవ్వి పొరలు చదవండి

మీటరున్నర లోతు గుంత తవ్వి, దాని అడుగు నుంచి ఆగర్‌తో (మట్టిని తోడి పైకి తెచ్చే బర్మాతో) ఇంకాస్త కిందికి, సుమారు రెండు మీటర్ల దాకా వెళ్తే చాలా నేలలకు సరిపోతుంది. చదవాల్సిన గోడ మీద ఎండ పడేలా గుంత దిశ ఎంచుకోండి. ఆ గోడ వైపు అంచు మీద తవ్విన మట్టి పోయొద్దు, తొక్కొద్దు. గోడ ఇసుకగా, వదులుగా ఉంటే లోతు గుంతలోకి ఒంటరిగా దిగొద్దు, విరిగి మీద పడుతుంది.

కత్తితో గోడను పైనుంచి కిందికి గీకుతూ వస్తే పొరలు రంగులోనో, గట్టిదనంలోనో తేడాగా తెలుస్తాయి. ప్రతి పొర లోతూ కొలవండి. రంగును తడి మట్టి మీద మన్‌సెల్ రంగుల పుస్తకంతో పోల్చి రాయండి. బూడిద రంగు మచ్చలు, వాటి చుట్టూ తుప్పు రంగు కనిపిస్తే ఆ లోతున ఏటా కొంతకాలం నీళ్లు నిలుస్తాయన్నమాట. మీరు వెళ్లింది ఎండాకాలమైనా ఆ గుర్తులు చెరిగిపోవు. పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే ఎక్కడ నురగ వస్తుందో రాసుకోండి, సున్నం ఉన్న లోతు అదే. నెర్రెలు ఎంత వెడల్పు, ఎంత లోతు దిగాయి, వేర్లు ఎక్కడ ఆగిపోయాయి అన్నవి కూడా వదలొద్దు.

నమూనాలు తీసేటప్పుడు అడుగు పొర నుంచి మొదలుపెట్టి పైకి రండి. పైనుంచి మొదలుపెడితే రాలిన మట్టి కింది పొరల నమూనాల్లో కలుస్తుంది. ప్రతి 15 సెంటీమీటర్లకు ఒకటి అని లెక్క పెట్టుకుని తీస్తే రెండు పొరలు కలిసిపోయి, ఏ పొరకూ చెందని అంకె వస్తుంది. పొరకో నమూనా తీయండి. సాంద్రత కొలవడానికి మట్టి నలగకుండా లోహపు గొట్టంతో విడిగా తీయాలి. చీటీలు సంచిలో ఒకటి, పైన ఒకటి పెన్సిల్‌తో రాసి పెట్టండి. ఒకసారి నేను ఇంకు పెన్నుతో రాసి, తడి మట్టితో పాటు చీటీలు కూడా నానబెట్టాను. ఆరు సంచుల్లో ఏది ఏ పొరో తేలక మళ్లీ తవ్వాల్సి వచ్చింది.

3. ల్యాబ్ అంకెల్ని ఒకదానితో ఒకటి అడగండి

నమూనా నీడలో ఆరి, 2 మిల్లీమీటర్ల జల్లెడ దిగాక పరీక్షలు మొదలవుతాయి. కావాల్సినవి: ఇసుక, సిల్ట్ (ఇసుక కన్నా సన్నని, బంక కన్నా ముతక రేణువులు), బంక శాతాలు, పీహెచ్, విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం, సున్నం, కేటయాన్ మార్పిడి సామర్థ్యం (కాల్షియం లాంటి ధనావేశ అయాన్లను మట్టి ఎంత పట్టి ఉంచగలదో చెప్పే కొలత), మార్పిడి కాగల కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం, 15 బార్ ఒత్తిడి దగ్గర మిగిలే నీరు (అంటే వేర్లు ఇక లాగలేని నీరు). ఇవి విడివిడిగా పెద్దగా ఏమీ చెప్పవు. పక్కపక్కన పెడితేనే మాట్లాడతాయి.

మన ఊహా నేలలో పై పొర బంక 16 శాతం, 25 సెంటీమీటర్ల కింద ఉన్న పొరలో 30 శాతం. అమెరికా వ్యవసాయ శాఖ వర్గీకరణలో, పై పొరలో 15 నుంచి 40 శాతం బంక ఉన్నప్పుడు కింది పొరలో దానికి కనీసం 1.2 రెట్లు ఉండాలి. ఇక్కడ 1.9 రెట్లు. అంటే బంక పైనుంచి దిగి కింద పేరుకుందా? అప్పుడే అనకండి. పాత మట్టి మీద వేరే ఇసుక మట్టి కొట్టుకొచ్చి పడినా ఇదే అంకె వస్తుంది. బంక తీసేసి చూసినప్పుడు ఇసుకకూ సిల్ట్‌కూ ఉన్న నిష్పత్తి రెండు పొరల్లోనూ దాదాపు ఒకటే అయితే రెండూ ఒకే పదార్థం నుంచి పుట్టాయని నమ్మొచ్చు. మట్టిపెళ్ల విరిచి భూతద్దంలో చూస్తే, దిగిన బంక రంధ్రాల గోడల మీద మెరిసే పూతలా కనిపిస్తుంది.

మరి ఆ 30 శాతం అంకె నిజమేనా? దీనికో చిట్కా ఉంది. 15 బార్ దగ్గర మిగిలిన నీటి శాతాన్ని బంక శాతంతో భాగించండి. మన నేలలో 12ను 30తో భాగిస్తే 0.4, సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. 0.6 దాటితే బంక రేణువులు పరీక్షలో పూర్తిగా విడిపోలేదని అనుమానించాలి. ఇనుప ఆక్సైడ్లు ఎక్కువున్న ఎర్ర నేలల్లో రేణువులు అంటుకుపోయి, బంక కాస్తా ఇసుకలా లెక్కకొస్తుంది.

తర్వాత ఆ బంక ఏ జాతిదో చూడాలి. మార్పిడి సామర్థ్యం కిలో మట్టికి 9 సెంటీమోల్ అనుకుంటే, 30 శాతం బంకకు కిలో బంకకు 30 వస్తుంది. ఉబ్బని రకం బంక కేయోలినైట్ అయితే పదిహేను లోపే ఉంటుంది, నల్లరేగడిలో ఉబ్బే స్మెక్టైట్ అయితే 80 దాటొచ్చు. మనది మిశ్రమం, నెర్రెలు పెద్దగా బారదు. గుంతలోనూ వెడల్పైన నెర్రెలు లేకపోతే రెండు సాక్ష్యాలు కలిసినట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది పద్ధతుల దగ్గర. విద్యుత్ వాహకతలో లవణ నేలకు హద్దుగా చెప్పే మీటరుకు 4 డెసీసీమెన్స్, తడిపి ముద్ద చేసిన మట్టి నుంచి తీసిన ద్రవానికి వర్తిస్తుంది. ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలిచిన అంకెను దానితో పోలిస్తే చౌడు నేల కూడా మంచి నేలలా కనిపిస్తుంది. క్షారాల సంతృప్తతా, అంటే మార్పిడి సామర్థ్యంలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం నింపిన శాతమూ, అంతే. అడుగు నమూనాలో క్షారాలు మొత్తం 5.4 అనుకోండి. పీహెచ్ 7 దగ్గర కొలిచిన సామర్థ్యం 9 అయితే 60 శాతం, పీహెచ్ 8.2 దగ్గర కొలిస్తే అదే మట్టికి 12 వచ్చి 45 శాతం అవుతుంది. అమెరికా వర్గీకరణలో క్షారాలు ఎక్కువున్న ఆల్ఫిసాల్‌నూ తక్కువున్న అల్టిసాల్‌నూ విడదీసే 35 శాతం గీత ఈ రెండో పద్ధతిది, పైగా దాన్ని చూడాల్సింది లోతున. రిపోర్టులో పద్ధతి పేరు లేకపోతే ల్యాబ్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. మొహమాటం వద్దు.

4. వాతావరణాన్ని నేల లోపలి నుంచి చూడండి

ఏడాది సగటు వానతో పెద్దగా పని లేదు. ముప్పై ఏళ్ల నెలవారీ సగటులు తీసుకుని, వాన ఎంత, ఆవిరైపోగల నీరు ఎంత అని నెల నెలా రాయండి. ఊహా చోటులో ఏటా 780 మిల్లీమీటర్ల వాన, ఆవిరి సామర్థ్యం 1,600. ఇంత లోటుంటే నీళ్లు కిందికి దిగవనిపిస్తుంది. కానీ 620 మిల్లీమీటర్లు నాలుగు నెలల్లోనే పడుతున్నాయి. అందులో రెండు నెలల్లో మిగులు 65, 60, కలిపి 125.

ఇప్పుడు ల్యాబ్ అంకె ఇక్కడికి తేవాలి. పొలం తేమ, అంటే తడిసిన నేలలో అదనపు నీరు దిగిపోయాక మిగిలేది, 22 శాతం, 15 బార్ దగ్గర 12, తేడా 10 శాతం. సాంద్రత 1.5, వేర్ల లోతు 75 సెంటీమీటర్లు. గుణిస్తే నేల పట్టుకోగలిగేది సుమారు 112 మిల్లీమీటర్లు. మిగులు 125లో అది నిండాక వేర్లు దాటి కిందికి పోయేది ఏడాదికి 13 మాత్రమే. అదీ వాలు మీద పారిపోయింది లెక్కేయకుండా.

ఉష్ణోగ్రతకు 50 సెంటీమీటర్ల లోతు ప్రమాణం. అక్కడి ఏడాది సగటు 22 డిగ్రీలు దాటి, వేసవి, శీతాకాలం సగటుల తేడా 6 డిగ్రీల లోపుంటే దాన్ని ఐసోహైపర్‌థెర్మిక్ అంటారు. వాతావరణ కేంద్రం మీ చోటు కన్నా బాగా కిందో పైనో ఉంటే కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున సర్దుకోండి. తేమ విషయానికొస్తే, ఏటా 90 రోజులకు మించి ఎండుతూనే, కనీసం 90 రోజులు వరుసగా తడి ఉండే ఇలాంటి వేడి నేల 'ఉస్టిక్' కిందికి వస్తుంది.

5. సాక్ష్యాలు కలవని చోట ఆగండి

ఏడాదికి 13 మిల్లీమీటర్లు దిగే నేలలో అంత బంక ఎలా దిగింది? సగటు మాటున వానలు ఎక్కువ కురిసిన ఏళ్లు ఉంటాయి, అదొక జవాబు. ఇంకొకటి, ఒకప్పుడు ఇక్కడ వానలు ఇంకా ఎక్కువగా ఉండేవేమో. తేల్చేది సున్నం. కాల్షియం ఉన్నంతకాలం బంక రేణువులు గుంపుగా అంటుకుని కదలవు కాబట్టి, ముందు సున్నం కడుక్కుపోయాకే బంక దిగుతుంది. అలాంటిది బంక పూత మీద మళ్లీ సున్నం పేరుకుని కనిపిస్తే, నేల తడిగా ఉన్న రోజుల తర్వాత వాతావరణం ఎండిందని అర్థం. ఈ ముక్క ల్యాబ్‌ కాగితంలో ఎక్కడా ఉండదు, గుంతలో భూతద్దానికే దొరుకుతుంది.

6. పేరు పెట్టండి

అమెరికా పద్ధతిలో 12 తరగతులు. తరగతిని గుర్తించడానికి వాడే 'తాళంచెవి' పట్టికలో అవి వరుసగా ఉంటాయి: జెలిసాల్, హిస్టోసాల్, స్పోడోసాల్, ఆండిసాల్, ఆక్సిసాల్, వెర్టిసాల్, ఎరిడిసాల్, అల్టిసాల్, మాలిసాల్, ఆల్ఫిసాల్, ఇన్సెప్టిసాల్, ఎంటిసాల్. పైనుంచి ఒక్కొక్కటీ కొట్టేస్తూ రావాలి, మొదట సరిపోయిన దగ్గర ఆగాలి. మన నేల ఆల్ఫిసాల్ దగ్గర ఆగుతుంది, ఉస్టిక్ కాబట్టి 'ఉస్టాల్ఫ్'. ఇంకా కిందికి వెళ్లాలంటే రంగు, బంక పొర మందం చూడాలి. 2022లో నాలుగో కూర్పు వచ్చిన అంతర్జాతీయ పద్ధతిలో 32 వర్గాలున్నాయి. అది వాతావరణాన్ని కొలబద్దగా వాడదు. కిలో బంకకు 24 దాటిన సామర్థ్యం, క్షారాలు ఎక్కువ ఉండటం వల్ల అక్కడ ఇది 'లువిసాల్' అవుతుంది. రెండు పేర్లూ రాసి, ఏది ఏ పద్ధతిదో చెప్పండి.

పేరొచ్చాక ఆగర్ పట్టుకుని వాలు వెంబడి యాభై మీటర్లకో బొరియ వేసుకుంటూ పైకీ కిందికీ నడవండి. బంక పొర మరీ పైకొచ్చిన చోట, లేదా బూడిద మచ్చలు మొదలైన చోట మ్యాపులో గీత గీయండి. మీరు పెట్టిన పేరు ఆ గీత దాకానే.