బూస్టర్ సీటు తీసేసే ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో మనవాళ్ళు చాలామంది పిల్లలకి ఎనిమిదేళ్ళు నిండగానే బూస్టర్ (కారు బెల్టు సరిగ్గా పట్టేలా పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే సీటు) తీసి గరాజ్‌లో పెట్టేస్తారు. చాలా రాష్ట్రాల్లో చట్టం కూడా అంతవరకే అడుగుతుంది, కానీ అసలు చూడాల్సింది ఎత్తు. దాదాపు 4 అడుగుల 9 అంగుళాలు, అంటే 145 సెంటీమీటర్లు రావాలి. చాలామందికి అది 8 నుంచి 12 ఏళ్ళ మధ్యలో వస్తుంది.

ముందు కారు ఆపి ఉన్నప్పుడే బూస్టర్ లేకుండా కూర్చోబెట్టి చూడండి.

- వీపు సీటుకి పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు సీటు అంచు దగ్గర వంగాలి. అలా వంగకపోతే కాళ్ళు ఇబ్బందిగా ఉండి పిల్లలు ముందుకి జారతారు, బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది. మా అమ్మాయికి పది నిమిషాల్లోనే బొడ్డు దాకా వచ్చేసింది, వెంటనే బూస్టర్ మళ్ళీ పెట్టేశాం. గుద్దుకుంటే ఆ దెబ్బంతా పేగుల మీద పడుతుంది మరి.
- కింది బెల్టు తొడల పైభాగాన, తుంటి ఎముకలకి ఆని ఉండాలి.
- పై బెల్టు భుజం మధ్యలోంచి ఛాతీ మీదుగా రావాలి. మెడకి ఒరుసుకుంటోందని చంక కిందికి తోసేస్తుంటే ఇంకా టైమ్ రాలేదు.
- నిద్రపోయినా అలాగే కూర్చోగలగాలి.

ఒక్కో కారు సీటు ఒక్కోలా ఉంటుంది, ఫ్రెండ్స్ బండిలో కూడా ఇదంతా మళ్ళీ చూడండి. 13 ఏళ్ళు వచ్చేదాకా వెనక సీటే.