చెట్ల నీడ పడే డాబాకు సోలార్: విశాఖలో దరఖాస్తు విధానం

ఇళ్ల డాబాల మీద సోలార్ ప్యానెళ్లకు కేంద్రం సాయం చేసే పీఎం సూర్యఘర్ పథకంలో రాయితీ లెక్క కిలోవాట్లను బట్టే. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి రూ.30,000, మూడోదానికి రూ.18,000 ఇస్తారు. మొత్తం రూ.78,000 దాటదు. ప్యానెళ్ల మొత్తం సామర్థ్యం, వాటి కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ సామర్థ్యం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. తనిఖీకి వచ్చే సిబ్బంది ఎర్తింగ్, వైరింగ్, మీటరు చూస్తారు తప్ప పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎటు పడుతుందో చూడరు. అందుకే చుట్టూ చెట్లున్న ఇంటివాళ్లు నీడ సంగతి తేల్చుకున్నాకే దరఖాస్తుకు కూర్చోవాలి.

నీడ ఎంత దూరం పడుతుంది?

విశాఖలో డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. అప్పుడు నీడ పొడవు చెట్టు ఎత్తులో దాదాపు 0.9 వంతు ఉంటుంది. ఉదయం 9కి, మధ్యాహ్నం 3కి 1.75 రెట్లు. ఇక్కడ ఎత్తంటే నేల నుంచి కాదు, ప్యానెల్ మట్టం నుంచి. డాబా మట్టానికి 18 అడుగులు పైకి లేచిన కొబ్బరిచెట్టు మధ్యాహ్నం 16 అడుగుల నీడ, ఉదయం తొమ్మిదికి 31 అడుగుల నీడ వేస్తుంది. ప్యానెళ్ల స్టాండును ఏడడుగులు లేపితే అదే చెట్టు లెక్కలో 11 అడుగులదవుతుంది, తొమ్మిది గంటల నీడ 19 అడుగులకు తగ్గుతుంది.

దిక్కు కూడా చూడాలి. శీతాకాలం ఉదయం నీడ వాయవ్యానికి, సాయంత్రం ఈశాన్యానికి పడుతుంది. అంటే ఇంటికి ఆగ్నేయంలో, దక్షిణంలో, నైరుతిలో ఉన్న చెట్లే అసలు ఇబ్బంది. ఉత్తరం వైపు చెట్టుతో బాధ తక్కువే. కాకపోతే మే మధ్య నుంచి జులై చివరిదాకా మన దగ్గర సూర్యుడు మధ్యాహ్నం నడినెత్తి కంటే కాస్త ఉత్తరంగానే ఉంటాడు, ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం దాని నీడా కొంత పడుతుంది. డాబా మీద సుద్దముక్కతో 9, 12, 3 గంటల నీడ అంచులు గీసి, ఎప్పుడూ ఎండ ఉండే చోటు ఎంతో కొలవండి. 540 వాట్ల ప్యానెల్ ఒకటి సుమారు 28 చదరపు అడుగులు ఉంటుంది. మూడు కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు, మధ్య దారులతో కలిపి 250 నుంచి 300 చదరపు అడుగులు కావాలి. అంత ఎండ చోటు లేకపోతే రెండు కిలోవాట్లకే ఆగడం మంచిది. మూడో కిలోవాటుకు రాయితీ ఎటూ తక్కువే. ఎండలో ఉన్న కిలోవాటు సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది.

ప్యానెళ్లను ఎలా కలపాలి?

ఒకే వరుసగా కలిపిన ప్యానెళ్లన్నిటిలో ఒకే కరెంటు పారుతుంది. ఒకదాని మీద కొమ్మ నీడ పడితే దాని లోపలి బైపాస్ డయోడ్లు నీడ పడ్డ భాగాన్ని తప్పించి పంపుతాయి, వరుస వోల్టేజీ పడిపోతుంది. ఇన్వర్టర్ అందుకు తగ్గట్టు సర్దుకోలేకపోతే నష్టం నీడ పరిమాణాన్ని మించిపోతుంది. నీడ పొద్దున ఒక పక్క, సాయంత్రం మరో పక్క పడే డాబాకు రెండు ఎంపీపీటీలున్న (అంటే ఒక్కో వరుస నుంచి విడివిడిగా గరిష్ఠ కరెంటు రాబట్టే) ఇన్వర్టర్ అడగండి. తూర్పు పక్క మూడు ఒక వరుస, పడమటి పక్క మూడు మరో వరుస. మూడు ప్యానెళ్లంటే వోల్టేజీ 120 దగ్గరే ఉంటుంది, ఎండ వేడికి ఇంకాస్త తగ్గుతుంది. కాబట్టి ఇన్వర్టర్ ఎన్ని వోల్టుల దగ్గర పని మొదలుపెడుతుందో డేటాషీటులో చూశాకే ఒప్పుకోండి. నీడ చెదురుమదురుగా, గంటకో చోట పడుతుంటే మైక్రో ఇన్వర్టర్లు (ప్యానెల్‌కొకటి పెట్టే చిన్న ఇన్వర్టర్లు) గానీ ఆప్టిమైజర్లు (ప్రతి ప్యానెల్ ఉత్పత్తినీ విడిగా సర్దే పరికరాలు) గానీ పెట్టించాలి. ఖర్చు పెరుగుతుంది, రాయితీ మాత్రం పెరగదు. ఇక రోజంతా నీడలో ఉండే చోట ఏ పరికరమూ కరెంటు పుట్టించలేదు.

కొబ్బరి మొవ్వు కింద ప్యానెల్ వద్దు, కాయ పడితే అద్దం పగులుతుంది. స్టాండు ఎత్తు పెంచేటప్పుడు గాలిని మరవకండి. భారత ప్రమాణాల ప్రకారం విశాఖకు డిజైన్ గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తుప్పు పట్టకుండా చేసిన) స్టాండు, స్లాబులోకి దిగిన యాంకర్ బోల్టులు తప్పనిసరి. సముద్రానికి దగ్గరైతే ఉప్పుగాలి పరీక్ష నెగ్గిన ప్యానెళ్లే తీసుకోండి.

చెట్టు కొట్టేయడం మాత్రం పరిష్కారం కాదు. అందుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాల్సి రావచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊడ్చేశాక నాటిన మొక్కలు ఇప్పుడు డాబాలు దాటాయి. వాటిని కాపాడుకుంటూనే ప్యానెళ్లు అమర్చుకోవాలి. చెట్టు ఇంకా ఎదుగుతుంది కాబట్టి ఇప్పటి నీడ గీతకు నాలుగైదడుగులు వదలండి.

దరఖాస్తు

ముందు కరెంటు బిల్లు తీయండి. బిల్లు మీద తాతగారి పేరో, ఇల్లు అమ్మినవాళ్ల పేరో ఉంటే విశాఖకు కరెంటు సరఫరా చేసే ఈపీడీసీఎల్ సంస్థలో పేరు మార్పించుకోవాలి. ఆధార్, బిల్లు, బ్యాంకు ఖాతా, మూడింటిలో పేరు కలవకపోతే చివర్లో రాయితీ ఆగిపోతుంది.

పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మొబైల్ నంబరుతో నమోదై, రాష్ట్రం, జిల్లా, ఈపీడీసీఎల్ ఎంచుకుని, సర్వీస్ నంబర్ ఇచ్చి, తాజా బిల్లు జతచేయాలి. 10 కిలోవాట్ల లోపు అయితే విడిగా సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదం వస్తుంది. ఆ తర్వాత పోర్టల్‌లో నమోదైన వెండర్లలో ఒకరిని ఎంచుకోండి. సంతకానికి ముందే నీడ గీతలున్న డాబా పటం, వరుసల అమరిక, స్టాండు ఎత్తు, ఇన్వర్టర్ మోడల్ ఒప్పందంలో రాయించండి. ఐదేళ్ల నిర్వహణ వెండర్ బాధ్యతే, అదీ అందులో ఉండాలి. ప్యానెళ్లు దేశీయ సెల్స్‌తో దేశంలోనే తయారైన డీసీఆర్ రకం కాకపోతే రాయితీ రాదు. బిగించే ముందే సీరియల్ నంబర్లు ఫొటో తీసి పెట్టుకోండి.

బిగించాక వివరాలు, ఫొటోలు పోర్టల్‌లో ఎక్కించి నెట్ మీటరుకు (మనం వాడిన కరెంటునూ, గ్రిడ్‌కు పంపిన కరెంటునూ లెక్కించే మీటరు) దరఖాస్తు చేయాలి. తనిఖీ అయ్యి, మీటరు మారి, ప్లాంటు పని మొదలైందని తెలిపే కమిషనింగ్ రిపోర్టు వచ్చాక బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు ఇస్తే సాధారణంగా 30 రోజుల్లో రాయితీ ఖాతాలో పడుతుంది. పథకం సందేహాలకు 15555, మీటరు ఆలస్యమైతే 1912.